బంగళాలో పురుడు

పోయిన నెలలో మా అమ్మాయి సునీత నన్ను దివిసీమ చివర ఒక రిసార్టుకి తీసుకెళ్లింది. బ్యాంకులో దానికి సెలవులు మిగిలిపోయాయట, వాడుకోకపోతే పోతాయట. "సముద్రం, అడవి రెండూ పక్కపక్కనే ఉంటాయమ్మా, రెండు రోజులు ఊరికే కూర్చోవచ్చు" అంది. ఊరికే కూర్చోవడానికి గుణదలలో మన ఇంటి వరండా చాలదా అని నోటిదాకా వచ్చింది కానీ అనలేదు. ఈ మధ్య కాదనడానికి కూడా ఓపిక కావాల్సి వస్తోంది. సరే అంటే తొందరగా తేలిపోతుంది. ఎక్కడికి అని కూడా అడగలేదు. కారు కోడూరు దాటి కరకట్ట ఎక్కాక, సునీత ఏసీ ఆపి అద్దాలు దించితే ఆ వాసన వచ్చింది. ఉప్పుబురద, కుళ్లిన ఆకు, ఎండుచేప కలిసిన వాసన. యాభై ఎనిమిదేళ్ల తరవాత కూడా నా ముక్కు దాన్ని నాకంటే ముందు గుర్తుపట్టింది.

రిసార్టు బాగానే ఉంది. తాటాకు కప్పినట్టు కనిపించే గదులు, లోపలంతా చల్లటి గచ్చు. సముద్రం కూతవేటు దూరంలో ఉండగా మళ్లీ ఈదడానికి ఒక నీలం తొట్టి. రిసెప్షన్‌లో అమ్మాయి కొబ్బరినీళ్లు ఇచ్చి, "ఇక్కడ చాలా ప్రశాంతంగా ఉంటుంది మేడమ్, మీకు తప్పకుండా నచ్చుతుంది" అంది. ఈ దగ్గర్లో పాత బంగళా ఒకటి ఉండాలి కదమ్మా అని అడిగాను. తనకు తెలియదంది. తనది గుడివాడ అట, వచ్చి ఆరు నెలలైందట.

మర్నాడు పొద్దున్నే సునీతని వెంటబెట్టుకుని కట్ట మీద నడిచాను. నా మోకాళ్లకి అది చాలా దూరం. సరుగుడు తోట దాటాక కాలవ మలుపు తిరిగే చోట ఆగాను. మలుపు అదే. ఇటు మడ అడవి, అటు ఇసుక దిబ్బలు, మధ్యలో మెరక. ఆ మెరక ఇప్పుడు లేదు. దాన్ని తవ్వి రొయ్యల చెరువు చేశారు. నీళ్లలో రెక్కల చక్రాలు తిరుగుతున్నాయి, నురగ లేస్తోంది. గోడ లేదు, మెట్టు లేదు, ఒక పెంకుముక్క కూడా కనపడలేదు. కట్ట మీద ఎవరో వదిలేసిన ప్లాస్టిక్ కుర్చీ ఉంటే కూలబడ్డాను.

"ఏంటమ్మా ఇక్కడ?" అంది సునీత.

"మా ఇల్లు. నా నాలుగో ఏటి నుంచి పదో ఏటి దాకా ఇక్కడే ఉన్నాం."

"నువ్వా? ఇక్కడా? ఎప్పుడూ చెప్పలేదేం?"

నిజమే, చెప్పలేదు. మా నాన్న దేవదానం ఇక్కడ ఒక సర్కారు బంగళాకి వాచ్‌మన్‌గా ఉండేవాడు. ఏ శాఖ బంగళా అన్నది ఇప్పుడు అనవసరం. అడవి చూడ్డానికో, కట్టలు చూడ్డానికో, ఏదీ చూడకుండా నాటుకోడి పులుసు తిని సముద్రంలో కాళ్లు తడుపుకోవడానికో వచ్చే ఆఫీసర్లకి అది బస. ఎత్తైన అరుగు, పెంకుటి కప్పు, చుట్టూ వరండా, రెండు గదులు. పెద్దగది పెద్దవాళ్లకి, చిన్నగది వాళ్ల వెంట వచ్చే గుమాస్తాలకి. వెనకాల పొగచూరిన వంటిల్లు. దాని వెనక తాటాకు పాక మాది. ఆ పాకలో నాన్న, అమ్మ, నాయనమ్మ, నేను. అమ్మ పేరు సువార్తమ్మ. ఉద్యోగం నాన్నదే కానీ వంటా, ఊడవడమూ, ఉతకడమూ అమ్మవి. వాటికి జీతమంటూ ఏమీ లేదు. వాచ్‌మన్ పెళ్లాం చేస్తుందన్నది బంగళాకి గోడలున్నట్టే అందరికీ తెలిసిన సంగతి.

అమ్మ తెల్లారకముందే లేచి ఇసుక దిబ్బల్లోకి వెళ్లేది. అక్కడ చెలమ తవ్వితే తియ్యటి నీళ్లు ఊరతాయి. ఒక్కొక్క చిప్పా తోడి బిందె నింపడానికి అరగంట పట్టేది. ఆఫీసర్లు వచ్చిన రోజున ఎనిమిది బిందెలు. వాళ్ల స్నానాలకి కాగులో నీళ్లు మరగాలి. సరుగుడు ఆకు పోగుచేసి మంట వేయడం నా పని. ఆ ఆకు గుప్పున అంటుకుని గుప్పున ఆరిపోతుంది, పక్కనుంచి కదలడానికి ఉండదు. పొగ కళ్లలో పడితే నాయనమ్మ కేకేసేది, "అటు తిరిగి కూర్చోవే, గాలి ఎటుందో చూసుకోవద్దూ?" అని. నాయనమ్మ రోజంతా చుట్ట కాల్చేది. నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని అడ్డపొగ. నాలుక ఎందుకు కాలదా అని నేను ఆవిడ నోటికేసి చూస్తూ కూర్చునేదాన్ని. చుట్టుపక్కల పాలేల్లో ఎవరికి పురుడొచ్చినా ఆవిడకే కబురొచ్చేది. చేతులు మాత్రం చిన్నపిల్ల చేతుల్లా మెత్తగా ఉండేవి, రోజూ కొబ్బరినూనె రాసుకునేది.

నాన్నకి ఒకే ఒక్క ఖాకీ చొక్కా. ఆఫీసరు వస్తున్నాడన్న కబురు రాగానే అమ్మ దాన్ని గంజిలో ముంచి ఆరేసేది. అది వేసుకుంటే నాన్న మనిషే మారిపోయేవాడు. మాతో కూడా గొంతు తగ్గించి మాట్లాడేవాడు. ముందు మెట్ల మీంచి ఎక్కకూడదు, పడక కుర్చీలో కూర్చోకూడదు, వాళ్లు తినేటప్పుడు అటు తొంగి చూడకూడదు. ఆరేళ్లలో నేను పెద్దగదిలోకి వెళ్లింది ఊడ్చేటప్పుడు అమ్మకి చేట అందించడానికే. వచ్చినవాళ్లందరూ సాయంత్రం వరండాలో కూర్చుని ఒకే మాట అనేవాళ్లు, ఇక్కడ ఎంత ప్రశాంతంగా ఉందో అని. అమ్మ వంటింట్లో పీతలు బాగుచేస్తూ ఆ మాట విని నవ్వేది. ఎందుకు నవ్వుతున్నావంటే చెప్పేది కాదు.

నేను నాలుగో తరగతిలో ఉన్న ఏడాది వానలు వదల్లేదు. ఆ రోజు ఒక పెద్ద ఆఫీసరు వస్తున్నాడని కబురు. నాన్న పొద్దున్నే గంజి చొక్కా మీద గోనెసంచి కప్పుకుని, కోళ్లు తేవడానికి, ఆయన జీపుకి దారి చూపించడానికి కోడూరు వెళ్లాడు. అమ్మ పెద్దగదిలో మంచం మీద తెల్లదుప్పటి పరిచి, దోమతెర కట్టి, కూజాలో నీళ్లు పోసి తలుపు దగ్గరకి వేసింది. మధ్యాహ్నం అయ్యేసరికి వాన ఇంకా ముదిరింది. మా పాకలో మూడుచోట్ల కారుతోంది, నేల మీద చీలమండల లోతు నీళ్లు.

అప్పుడు నలుగురు మనుషులు నులకమంచం మోసుకుంటూ వచ్చారు. కాలవ అవతల చేపలు పట్టేవాళ్ల పాలెం నుంచి. మంచం మీద గోనెపట్టాల కింద నాంచారమ్మ అనే ఆవిడ. మా అమ్మకంటే చిన్నది, అమ్మకి ఎండుచేపలు తెచ్చిచ్చేది. పొద్దుట్నుంచీ నొప్పులట. అవనిగడ్డ ఆసుపత్రికి తీసుకెళ్దామని బయలుదేరితే ముందు దారి తెగిపోయిందట, జీపులు తిరిగే చుట్టుదారిన అంత దూరం మోయలేరు. నాయనమ్మ వానలోనే మంచం పక్కన కూర్చుని పొట్ట తడిమి చూసింది.

"ఇంక ఆసుపత్రీ లేదు, ఏదీ లేదు. ఉమ్మనీరు పోయింది. కాన్పు ఇక్కడే కావాలి. నాకు పొడి చోటు చూపించు" అంది అమ్మతో.

అమ్మ పాకకేసి చూసింది, వంటింటికేసి చూసింది. "పెద్దగదిలోకి తీసుకురండి" అంది.

"ఆఫీసరు వస్తున్నాడుగా?"

"వస్తే వరండాలో కూర్చుంటాడు."

"నీ మొగుడి ఉద్యోగం పోతుందే."

"పోతే పోతుంది అత్తా. ముందు ఈ మనిషి పోకుండా చూడు."

వాళ్లు ముందు మెట్ల మీంచే ఎక్కారు. బురద కాళ్లతో, నీళ్లోడుతూ, నాంచారమ్మని తెల్లదుప్పటి మీదికి చేర్చి మగవాళ్లు బయటికి వచ్చేశారు. నన్ను కాగు కింద మంట చూస్తూ ఉండమని, జీపు కనపడితే చెప్పమని అమ్మ లోపలికి వెళ్లింది. నేను వంటింటికీ వరండాకీ మధ్య ఎన్నిసార్లు పరిగెత్తానో. లోపల నుంచి వచ్చే అరుపు నేను అంతకుముందు ఎప్పుడూ వినలేదు. భయపడి చెవులు మూసుకుంటే మంట ఆరిపోయేది.

జీపు వచ్చింది. ముందు నాన్న దిగాడు, చేతిలో రెండు కోళ్లు తలకిందులుగా వేలాడుతున్నాయి. తరవాత గొడుగు పట్టుకుని గుమాస్తా, ఆయన వెనక ఆఫీసరు. వయసు మళ్లిన మనిషి, వానకి నిలువునా తడిసిపోయి వణుకుతున్నాడు. నేను చెప్పేలోపే అమ్మ తలుపు తీసుకుని బయటికి వచ్చి, వెనకాల తలుపు చేరవేసి దానికి అడ్డంగా నిలబడింది. చేతులు మోచేతుల దాకా తడిగా ఉన్నాయి.

"అయ్యగారండీ, లోపల పురుడు జరుగుతోందండి. కాసేపు వరండాలో కూర్చోండి. టీ పెడతాను."

"పురుడేంటి? ఎవరికి?" అని గుమాస్తా అరిచాడు. "అది ఎవరి కోసం సర్దిన గదో తెలుసా నీకు?"

"తెలుసండి. నేనే సర్దాను."

గుమాస్తా నాన్న వైపు తిరిగాడు. "ఏమయ్యా, నువ్వు చెప్పవేం?"

నాన్న కోళ్లు కింద పెట్టకుండా, మెట్టెక్కకుండా వానలోనే నిలబడ్డాడు. "సువార్తా, పక్కకి రా" అన్నాడు. గట్టిగా కూడా అనలేదు. అమ్మ నాన్న మాట కాదనడం నేను చూడలేదు అప్పటిదాకా. ఆ రోజు ఆయన వంక చూసింది కానీ కదల్లేదు. నాన్న ముఖంలో కోపం లేదు. ఒట్టి భయం. పెద్దవాళ్లు కూడా పిల్లల్లాగే భయపడతారని నాకు ఆ క్షణంలోనే తెలిసింది, తెలియకపోయినా బాగుండేదనిపించింది.

"ఉండనివ్వవయ్యా" అన్నాడు ఆఫీసరు గుమాస్తాతో. పడక కుర్చీలో కూర్చుని బూట్లు విప్పి, మేజోళ్లు పిండుకున్నాడు. తుడుచుకోవడానికి తువాలు అడిగితే ఒక్కటీ లేదు, అన్నీ లోపలికి వెళ్లిపోయాయి. నాయనమ్మ శాలువా తెచ్చిచ్చాను, చుట్ట వాసన వేస్తున్నా కప్పుకున్నాడు. అమ్మ టీ ఇచ్చి మళ్లీ లోపలికి వెళ్లింది. ఆయనకి ఏం చేయాలో తోచినట్టు లేదు.

"ఏం చదువుతున్నావు?" అని నన్ను అడిగాడు.

"నాలుగో తరగతండి."

"ఎక్కాలు వచ్చా? చెప్పు."

చెప్పాను. లోపల ఆవిడ అరుస్తుంటే, బయట నేను చేతులు కట్టుకుని రెండో ఎక్కం నుంచి మొదలుపెట్టి వరసగా చెప్పుకుంటూ పోయాను. అరుపు పెద్దదైనప్పుడల్లా నేనూ గొంతు పెంచేదాన్ని. పదమూడో ఎక్కంలో ఎక్కడో తప్పాను. ఆయన దిద్దలేదు, తలుపు వంకే చూస్తున్నాడు. అప్పుడే బిడ్డ ఏడుపు వినిపించింది. కొంచెం సేపటికి నాయనమ్మ బయటికి వచ్చి గోడకి చేరగిలబడింది.

"ఎవరు?" అన్నాడు ఆయన.

"ఆడపిల్లండి. ఇద్దరూ బాగానే ఉన్నారు."

తల ఊపాడు. శాలువా మడతపెట్టి నా చేతికిచ్చాడు. ఇంకా వెలుతురు ఉండగానే, ఆ గదిలో ఇప్పుడు ఉండలేను కదా అంటూ అవనిగడ్డ వెళ్లిపోయాడు. ఆయన పెట్టె నాన్నే జీపులో పెట్టాడు. గుమాస్తా మా వైపు చూడను కూడా లేదు.

ఆ పిల్ల ఎనిమిది రోజులు బతికింది. ఏడో రోజున పాలు తాగడం మానేసి దవడలు బిగించేసింది. కబురొచ్చేసరికి అయిపోయింది. నాయనమ్మ బొడ్డు కోసిన తన చేతుల వల్లే అనుకుంది. అమ్మ ఎంత చెప్పినా వినలేదు. ఆ తరవాత ఎవరొచ్చి పిలిచినా పురుడికి వెళ్లలేదు, చేతులకి నూనె రాసుకోవడం కూడా మానేసింది. నెల తిరగకుండా నాన్నకి కాగితం వచ్చింది, ఇక పనికి రానక్కర్లేదని. ఎవరు రాశారో, ఆఫీసరో గుమాస్తానో, మాకు ఎప్పటికీ తెలియలేదు. వరండాలో నా ఎక్కాలు విన్న మనిషి ఆ పని చేసి ఉండడని చాలా ఏళ్లు అనుకున్నాను. ఇప్పుడు అంత నమ్మకంగా చెప్పలేను. మంచివాళ్లు కూడా కాగితాల మీద సంతకాలు పెడతారు.

మేం వెళ్లిపోయే రోజున నాంచారమ్మ వచ్చి మా ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని కోడూరు బస్సు దాకా నడిచింది. ఇంకా పచ్చి ఒళ్లే. బస్సు కదిలే ముందు, "నా వల్లేగా అక్కా" అంది.

"నీ వల్ల కాదే, వాన వల్ల" అంది అమ్మ.

బెజవాడలో నాన్న స్టేషను దగ్గర ఒక లాడ్జిలో చేరాడు. ముప్పై ఏళ్ల పాటు జనాల పెట్టెలు మూడంతస్తులు మోశాడు. అమ్మ గుణదలలో ఒక హాస్టల్ వంటింట్లో చేరింది. నాన్న అమ్మని తిట్టలేదు, కొట్టలేదు. ఒక్కసారి మాత్రం, ఆదివారం చర్చి నుంచి వచ్చి అన్నం తింటూ, కంచంలోకి చూస్తూ, "ఆ పిల్లయినా బతికుంటే బాగుండేది సువార్తా" అన్నాడు.

"తల్లి బతికింది కదయ్యా" అంది అమ్మ.

నాన్న మోకాళ్లు వాచిపోయి ఉండేవి అప్పటికే. అమ్మ కాపడం పెట్టేది. నేను మాత్రం ఆ వయసులో మనసులో నాన్న పక్షానే ఉన్నాను. ఇంతమంది ఇన్ని కష్టాలు పడింది ఎనిమిది రోజుల పిల్ల కోసమా అనుకునేదాన్ని. పైకి ఎప్పుడూ అనలేదు.

ఇదంతా చెరువు గట్టు మీద కూర్చుని సునీతకి చెప్పాను. దాని కళ్లు తడిశాయి. చెరువుని ఫోటో తీసుకుంది. "అమ్మమ్మ ఎంత గొప్పదమ్మా" అంది. లేవడానికి చెయ్యందిస్తూ, "నువ్వూ అంతే. అమ్మమ్మ పోలికే నీది" అంది.

ఆ మాట నన్ను రోజంతా వదల్లేదు. సముద్రం చూశాను, పడవలో మడ అడవి చూపించారు, పీతల వేపుడు తెచ్చి పెట్టారు. ఎక్కడ కూర్చున్నా ఒళ్లు బరువుగానే ఉంది. తిరుగు ప్రయాణంలో పామర్రు వచ్చింది. సునీత కారు నెమ్మది చేసి, "నీ స్కూలు ఇదేగా, ఆగుదామా?" అంది. వద్దన్నాను. ఊరు దాటాక రోడ్డు పక్కన ఆపమని, అప్పుడు చెప్పాను.

నేను అక్కడ హెడ్మిస్ట్రెస్‌గా ఉన్న రోజుల్లో ఒక ఏడాది కాలవ పొంగి పల్లపు వీధులు మునిగాయి. నలభై యాభై మంది పిల్లల్నీ మూటల్నీ ఎత్తుకుని స్కూలు గేటు దగ్గరికి వచ్చారు. బడికి సెలవే, గదులన్నీ ఖాళీ. నేను తెరవలేదు. "పైనుంచి ఆర్డరు రావాలి, ఫోన్ చేశాను, కాస్త ఆగండి" అన్నాను. మర్యాదగానే అన్నాను. వాన పడుతూనే ఉంది. ఒకావిడ చంటిపిల్లని కొంగు కింద దాచుకుని గేటు ఊచలు పట్టుకుని నిలబడింది, ఒక్క మాట అడగలేదు. ఆర్డరు మధ్యాహ్నానికి వచ్చింది. నేను తలుపులు తెరిపించేసరికి వాళ్లు విసిగిపోయి చర్చి వసారాలోకి వెళ్లిపోయారు. ఎవరికీ ఏమీ కాలేదు. ఎవరూ నా మీద ఫిర్యాదు చేయలేదు. పద్ధతి ప్రకారం నడుచుకున్నానని పైవాళ్లు మెచ్చుకున్నారు కూడా.

"మరి నువ్వేం చేస్తావమ్మా, రూల్సు అలా ఉంటే" అంది సునీత. నన్ను ఊరడించడానికే అంది పాపం. ఇన్నేళ్లూ నన్ను నేను ఊరడించుకున్నదీ ఆ మాటతోనే.

ఆ వరద నాటికే నాన్న, నాయనమ్మ పోయారు. అమ్మ నా దగ్గరే ఉండేది, ఎనభై దగ్గర పడుతోంది, కళ్లు సరిగా కనపడేవి కావు. నేను తడిబట్టలతో ఇంటికొచ్చి జరిగింది చెప్పాను. అంతా విని ఒక్కటే అడిగింది.

"ఎంతసేపు నిలబడ్డారు వాళ్లు?"

"మూడు గంటలు."

ఊఁ అంది. గోడ పట్టుకుంటూ వంటింట్లోకి వెళ్లింది. పెద్దగిన్నెతో అన్నం వండింది, వంకాయ పులుసు పెట్టింది. నన్ను సాయానికి రానివ్వలేదు. అయ్యాక, "తీసుకెళ్లి పెట్టిరా" అంది. అంతకుమించి ఆ రోజు గాని, తరవాత బతికున్న మూడేళ్లలో గాని ఆ ఊసు ఎత్తలేదు.

రిక్షాలో పెట్టించుకుని చర్చి దగ్గరికి తీసుకెళ్లాను. నేనే వడ్డించాను. గేటు దగ్గర నిలబడ్డ ఆవిడ ఆకలి మీద గబగబా తింది. చెయ్యి కడుక్కుని వచ్చి, చంటిపిల్లని ఈ చంక నుంచి ఆ చంకకి మార్చుకుని, "చల్లగా ఉండమ్మా" అంది.

వండింది మా అమ్మ అని చెప్పాలనుకున్నాను. చెప్పలేదు. ఖాళీ గిన్నెలు పట్టుకుని ఇంటికి వచ్చేశాను.